చిన్నమ్మ వంకీలు

1 డిసెంబరు 1949, గురువారం. సూర్యాపేట

పొద్దున్నే బావి దగ్గర ముఖం కడుక్కుంటుంటే పోస్టుమాన్ వచ్చి పేరు పెట్టి పిలిచాడు. మా వాడకు గురువారం టపా రాదు. చూస్తే అబ్రహాం చిన్నాయన జాబు. జైలు నుంచి పదిహేడో తారీకున విడిచిపెడుతున్నారట!

తడి చేతులతోనే ఇంట్లోకి పరుగెత్తి గట్టిగా చదివాను. "సువార్తకు. పదిహేడు శనివారం నాడు నన్ను ఇడుస్తుండ్రు. నేను సీదా మిర్యాలగూడల అమ్మ కాడికి వస్త. నువ్వు ఆడికి రా." సువార్త అంటే మా చిన్నమ్మ. ఆమె పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకుని అలాగే ఉండిపోయింది. మళ్లీ చదవమంది. చదివాను. మూడోసారి చదువుతుండగా పొయ్యి ఆరిపోయింది.

జాబులో ఇంకో రెండు వాక్యాలున్నాయి. ఆ రెండింటినీ మూడుసార్లూ వదిలేశాను. "నీ ఎంట్రుకల వంకీలు మునుపటి లెక్కనే ఉన్నయని రాసినవ్. ఏడాది సంది అవ్విటినే తలుసుకుంట ఎల్లదీసిన."

చిన్నమ్మకు చదువు రాదు. ఏడాదిగా నెలకో కార్డు ఆమె పేరున నేనే రాస్తున్నాను. కిందటి డిసెంబరులో చిన్నాయన తోలే లారీలో బస్తాల కింద ఏవో కాగితాలు దొరికాయని పోలీసులు పట్టుకుపోయారు. చిన్నమ్మ కోదాడలో ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికొచ్చి ఒక దవాఖానలో ఆయాగా చేరింది. నేను తొమ్మిదో తరగతి చదవడానికి నేరేడుచర్ల నుంచి వచ్చి ఆమె దగ్గరే ఉంటున్నాను. కార్డులో ఏం రాయను అంటే ప్రతిసారీ ఒకటే మాట: "బాగనే ఉన్న అని రాయి." ఆ ఒక్క ముక్కతో కార్డు నిండదు కదా. మిగతాది నేను నింపాను. మే నెలలో "నీవు దిద్దిన అలలు నేటికీ నా భుజాల మీద కదలాడుతున్నవి" అని రాశాను. అప్పటికి అందులో సగం నిజం. జుట్టు ఉంది. అలలు లేవు.

ఆగస్టులో ఇరవై ఒక్క రోజుల జ్వరం వచ్చింది. పదో రోజున చిన్నమ్మ కళ్లు తెరిచి "జరం పట్టిందని ఆయనకు రాయి" అంది. రాయడానికే కూర్చున్నాను. భయపడతాడనిపించింది. పైగా అంతకు ముందు రాసినవాటి పక్కన ఆ మాట ఇమడలేదు. రాయలేదు. ఆ తర్వాత జుట్టు కత్తిరించారు. ఉన్నది కూడా కుచ్చులు కుచ్చులుగా ఊడింది. ఇప్పుడు మెడ దాకా వచ్చింది.

ఈ నోటుబుక్కు మా తెలుగు టీచరు అరుంధతి గారు ఇచ్చారు. రోజూ ఒక పేజీ రాయాలి, ఒక కొత్త మాట నేర్చుకోవాలి. పోయినేటి దాకా బడిలో అన్నీ ఉర్దూలోనే చదివాం. మాకు తెలుగు ఇంటి మాటే అయినా, పుస్తకంలో కనిపిస్తే కొత్త బట్టలు కట్టుకొచ్చినట్టుంటుంది.

నేటి మాట: విముక్తి.

2 డిసెంబరు, శుక్రవారం

చిన్నమ్మ మిర్యాలగూడ రానంటోంది.

"ఎంట్రుకలు పెరిగినంక పోత. ఆర్నెల్లు ఆగితె ఏం బోతది?"

"ఏడాది తర్వాత వస్తుంటే ఆర్నెల్లు ఆగుతారా చిన్నమ్మా?"

"ఆగకపోతె మానె. జరం పట్టిందని రాపిస్తిమి. ఎట్లున్నవు, సచ్చినవా బతికినవా అని మారు జాబుల ఒక్క ముక్క రాసిండా? నీళ్లు దాగినవా అని గూడ అడగలే. గసొంటాయన ఈ బోడి నెత్తి సూసి ఏమంటడు?"

నేను గిన్నెలు తోముతున్నాను.

"నువ్వు చదివేటప్పుడు ఏమన్న ఇడిసిపెట్టలేదు గద?" అంది.

లేదన్నాను. జ్వరం విషయంలో అది నిజం. ఆయన అడగలేదు. అడిగిన మాట ఒక్కటి కూడా నేను వదల్లేదు.

4 డిసెంబరు, ఆదివారం

ప్రార్థన గుడిలో చిన్నమ్మ కొంగు కణతల దాకా లాక్కుని వెనక వరసలో కూర్చుంది. బయటికి వచ్చాక ఒకామె అందరూ వినేలా "మొగడు ఉండంగనే గిదేం నెత్తి?" అంది. చిన్నమ్మ వినబడనట్టు నడిచింది. నాకు వినబడింది.

కోదాడ గుర్తొచ్చింది. దాన్ని గురించి రాయాలి. ఎంత రాసినా ఎవరూ ఆపరు కదా.

నాకు పదేళ్లప్పుడు బడి సెలవులకు కోదాడ పోయేదాన్ని. రోడ్డు మీదికే ఇల్లు. ముందు లారీ, వెనక చిన్న వాకిలి. శనివారం మధ్యాహ్నం చిన్నాయన లారీ ఆపి, చేతులకు అంటిన గ్రీజు సున్నిపిండితో మూడుసార్లు కడుక్కునేవాడు. గోళ్ల సందులు పుల్లతో తీసుకునేవాడు. అప్పటికి చిన్నమ్మ కుంకుడుకాయతో తలస్నానం చేసి, ముక్కాలి పీట వేసుకుని కూర్చుని ఉండేది. చిన్నాయన ట్రంకు పెట్టెలోంచి సీమ పటకారు తీసేవాడు. అప్పులపాలైన ఒక నాటకాల కంపెనీ సామాను అమ్ముకుంటుంటే బెజవాడలో కొన్నాడట. రెండు సన్నని ఇనుప దవడలు, ఒకటి గుండ్రం, ఒకటి దొప్ప. చెక్క పిడులు.

బొగ్గుల్లో పెట్టి, తీసి, పాత కాగితం మీద అద్దేవాడు. కాగితం గోధుమరంగుకు తిరిగితే "ఇంక కోపం మీదున్నది" అని గాలిలో ఊపేవాడు. కాగితం తెల్లగా ఉండిపోతేనే రెండు వేళ్ల వెడల్పు పాయ తీసి, కొస నుంచి పైకి చుట్టి పట్టుకునేవాడు. ఎంతసేపు పట్టుకోవాలో లెక్క రోడ్డు మీద ఉండేది. "కోదాడ... మునగాల... చివ్వెంల... సూర్యాపేట. దిగుండ్రి!" పటకారు జారిపోయేది. వేడి వేడి ఉంగరం చిన్నమ్మ భుజం మీద పడేది. పసిపిల్లలా ఉలిక్కిపడేది ఆమె. తలంతా అయ్యాక చల్లారేదాకా దువ్వెన ముట్టనిచ్చేవాడు కాదు. చల్లారాక వేళ్లతో ఒకదానిలోకి ఒకటి కలిపి దిద్దితే, నుదుటి నుంచి చెవి మీదుగా వంపులు వంపులుగా జారేవి.

"దొరసాని లెక్క ఉన్నవు," అనేవాడు.

"దొరసానికి అంట్లెవరు తోమాలె?" అనేది చిన్నమ్మ. ఆ పూట అంట్లు ఆయనే తోమేవాడు. పక్కింటివాళ్లు గోడ మీదుగా చూసి నవ్వేవారు: "అబ్రహామూ, రేపటికెల్లి కోక గూడ కడ్తవా?" ఆయన గిన్నె పైకెత్తి చూపించి "కట్టుడు రాదు. నేర్పుతవా?" అనేవాడు.

మర్నాడు గుడిలో అందరి ముందూ ఆ జుట్టు మీద కొంగు వేసుకునేది చిన్నమ్మ, కానీ ముందు వైపు నాలుగు వేళ్ల మేర వదిలేసేది. ఇవాళ చుట్టుకున్నట్టు కాదు.

నేటి మాట రాయడం మరిచాను.

6 డిసెంబరు, మంగళవారం

పటకారు దొరికింది. ట్రంకు అడుగున, చిన్నాయన చొక్కాల మధ్య. తుప్పు ఒక వైపే ఉంది. ఇటుకపొడి వేసి తోమాను.

నా ఆలోచన ఇది. మెడ దాకా ఉన్న జుట్టయినా జుట్టే. వంకీలు వేస్తే పొట్టిదని తెలియదు, ఒత్తుగా కనిపిస్తుంది. చిన్నమ్మ సిగ్గుపడదు, మిర్యాలగూడ వస్తుంది. చిన్నాయన వంకీలు చూస్తాడు. నేను కార్డుల్లో రాసిందీ నిజమవుతుంది. ఒక మాట ముందు రాసి, తర్వాత నిజం చేస్తే అది అబద్ధమెలా అవుతుంది? మాట ఇచ్చినట్టవుతుంది.

గోగునార పాయ కట్టి దాని మీద నేర్చుకున్నాను. మొదటి మూడు పాయలు కాలాయి. నాలుగోది చుట్టుకుంది.

నేటి మాట: సాధన.

7 డిసెంబరు

గోగునార తొమ్మిది పాయలు. ఒకటి మాత్రమే కాలింది.

10 డిసెంబరు, శనివారం

తలస్నానం చేసి, ఆరాక, నా జుట్టు మీదే పెట్టుకున్నాను. అద్దం ముందు ఎడం చెవి పక్కన ఒక పాయ. కాగితం తెల్లగా ఉన్నాకే పెట్టాను. కోదాడ, మునగాల, చివ్వెంల, సూర్యాపేట. దిగుండ్రి. వచ్చింది! నిజమైన వంకీ. వేలు పెడితే స్ప్రింగులా సాగి వెనక్కి పోతోంది.

చిన్నమ్మ దవాఖాన నుంచి వచ్చి గడపలోనే ఆగిపోయింది. దగ్గరికొచ్చి ఆ పాయను రెండు వేళ్లతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"గిట్లనే పడుతుండె," అంది. తర్వాత, "ఎంట్రుక కాలలేదా?" అంది.

"లేదు."

"ఆయన చేతికంటె నీ చెయ్యి ఉరుకులాడుతది." నవ్వింది. ఆగస్టు తర్వాత నవ్వడం ఇప్పుడే. పీట తెచ్చి వేసుకోలేదు గానీ, రేపు మధ్యాహ్నం కూర్చుంటానంది.

నాకు నిద్ర పట్టేలా లేదు. నేటి మాట: నిగనిగ. రేపు చిన్నమ్మ జుట్టు అలా ఉండాలి.

11 డిసెంబరు, ఆదివారం

ఇవాళ రాయను.

12 డిసెంబరు, సోమవారం

రాస్తేనే నయం.

చిన్నమ్మ జుట్టు ముట్టుకుంటే ఎండుగడ్డిలా ఉంది. ఇలాంటి దాని మీద ఇనుము పెడితే విరిగిపోతుందనిపించింది. మా ఇళ్లల్లో నూనె పెట్టకుండా దువ్వెన ఎత్తేది ఎవరు? పెళ్లికూతురైనా, బాలింతైనా, పసిగుడ్డైనా మొదట నూనె. అందుకని ఆముదం కొంచెం వెచ్చచేసి, కుదుళ్ల దాకా పట్టించి, పావుగంట మర్దన చేశాను. చిన్నమ్మ కళ్లు మూసుకుని "సల్లగుంది బిడ్డా" అంది. కాగితం మీద చూశాను, తెల్లగానే ఉంది. కుడి కణత దగ్గర మొదటి పాయ చుట్టాను. మునగాల అంటుండగా చిటపటమంది. వేయించినట్టు. పొగ వచ్చింది. చివ్వెంల దాకా పోలేదు. తీయబోతే పాయ పటకారుతోనే వచ్చేసింది. చెవి పైన చర్మం ఎర్రగా కమిలి, సాయంత్రానికి బొబ్బ లేచింది.

చిన్నమ్మ అరవలేదు. తడి గుడ్డ తెమ్మంది.

కోదాడలో నేనెప్పుడూ పీట వేశాకే వచ్చి కూర్చునేదాన్ని. ఆ రోజు కుంకుడుకాయలు ఎందుకో, శనివారమే ఎందుకో, నూనె సీసా ఆ దరిదాపుల్లో ఎందుకు ఉండేది కాదో ఎప్పుడూ అడగలేదు. పటకారునే చూశాను.

బడిలో టీచరుగారు నా పక్క నుంచి పోతూ ఆగారు. "ఏమ్మా సాలీ, జుట్టు కాలిన వాసన వస్తోందేమిటి? పొయ్యి దగ్గర చదువుకుంటున్నావా?"

అవునండీ అన్నాను.

13 డిసెంబరు, మంగళవారం

చిన్నమ్మ మిర్యాలగూడకు కబురు చేయమంది. జ్వరం మళ్లీ తిరగబెట్టిందని, రాలేనని కార్డు రాయమంది. నేను కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాను. కలం ముంచాను. అప్పుడు చెప్పేశాను.

"ఆయన నీ వంకీలు చూడాలని వస్తున్నారు చిన్నమ్మా. నేను రాశాను. వంకీలు అలాగే ఉన్నాయని ప్రతి కార్డులోనూ రాశాను. నువ్వు చెప్పలేదు. నేనే రాశాను."

బియ్యంలో రాళ్లేరుతోంది. చేట కింద పెట్టింది.

"ప్రతి కార్డుల?"

"మే నుంచి."

"నేను చెప్పింది అసలు రాసినవా?"

"బాగనే ఉన్న అన్నది రాశాను."

చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "నేను చెప్పిన దాంట్ల అబద్ధం గదొక్కటే," అంది. "గదొక్కటి రాసినవ్."

ఆగస్టు జ్వరం కార్డు గురించి ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. ఒక రోజుకు ఇది చాలనిపించింది. ఇవాళ్టి కార్డు ఖాళీగానే ఉండిపోయింది.

14 డిసెంబరు, బుధవారం

నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది.

15 డిసెంబరు, గురువారం

పక్కింటి వెంకటనర్సమ్మత్త వచ్చింది. వాళ్ల మగ్గం చప్పుడు మా గోడకు రోజంతా వినిపిస్తుంది. ఇవాళ మా ఇంట్లో చప్పుడు లేదని వచ్చానంది.

"ఏందే, ఇద్దరు మూతులు ముడుసుకున్నరు? మొగడు వస్తుండని ఏడ్సేటోళ్లను గీ ఇంట్లనే సూస్తున్న."

చిన్నమ్మ కొంగు తీసి తల చూపించింది. అత్త బొబ్బ చూసింది, విరిగిన పాయ చూసింది, వాసన పీల్చింది.

"ఆముదం పోసి ఇనుము పెట్టినవా? నెత్తిని కూర లెక్క తాలింపు పెట్టినవ్ గదే పిల్లా!"

చిన్నమ్మ పెదవులు కదిలాయి. నవ్వు కాదు గానీ దాని దగ్గరి చుట్టం.

అత్త ఇంటికి పోయి చేటలో గుప్పెడు కండెలు తెచ్చింది. నాడెలో పెట్టడానికి నూలు చుట్టే సన్నని వెదురు ముక్కలు, వేలెడు పొడుగున. "మా నూలు తడిపి, గంజి పెట్టి, దీనికి సుట్టి ఎండబెడితె ఇప్పినంక గూడ మెలి ఇడువదు. ఎంట్రుక నూలు కంటె ఎక్కువ తీస్మార్‌ఖానా? దానికి నిప్పెందుకు?"

ముందు కుంకుడుకాయతో నూనె పోయేదాకా రెండుసార్లు తల కడిగింది. బొబ్బ మీదికి నీళ్లు రాకుండా అరచేయి అడ్డం పెట్టింది. గంజి పలచగా, నీళ్లలా చేసి వడబోసింది. ఒక్కో పాయా తడిపి, కొస నుంచి పైకి చుట్టి, గుడ్డపీలికతో ముడి వేసింది. అది కూడా నూలు అతికినట్టే, కళ్లతో చూడకుండా, మాట్లాడుతూనే. ఇరవై రెండు కండెలు. చిన్నమ్మను గోడ పక్కన ఎండలో కూర్చోబెట్టాం.

"ఇంటి మీద కాకి వాలితె గూడు అనుకుంటది," అంది చిన్నమ్మ. రెండు రోజుల తర్వాత మొదటి మాట.

రెండు గంటలకు విప్పాం. ఉంగరాలు. వదులుగా, మెత్తగా, కోదాడ వంకీల్లాంటివి కావు గానీ వాటి చెల్లెళ్లలాంటివి. కాలిన చోటు మీదికి అత్త ఒకటి తెచ్చి పడేసింది. చిన్నమ్మ అద్దం తీసుకుంది. ఎక్కువసేపు చూసుకోలేదు.

"మంచిగనే ఉన్నది. పోయేది మాత్రం లేదు."

"ఎందుకు పోవు?"

"జరం పట్టిందని రాపిస్తె ఎట్లున్నవని అడగని మొగని కాడికి వంకీలేసుకోని పోవాల్నా అక్కా?"

"అగో! అడగలేదని నీకు కోపమైతే, ఎందుకడగలేదని పోయి అడుగు. ఈడ కూసుంటె నీ కోపం నువ్వే తినాలె. ఆడికి పోతె ఆయనకు గూడ ఇంత పెట్టొచ్చు."

చిన్నమ్మ అద్దం బోర్లించింది. "వంకీల కోసం గాదు. అడుగనీకి పోత," అంది.

నేను అప్పుడు చెప్పాల్సింది. అత్త ఉంది, చెప్పలేదు. అత్త పోయాక చిన్నమ్మ కూనిరాగం తీస్తూ చీరలు మడతపెడుతోంది, చెప్పలేదు.

16 డిసెంబరు, శుక్రవారం

మళ్లీ తల కడిగి, గంజి పెట్టి, కండెలు చుట్టాం. ఈసారి నేనే చుట్టాను, అత్త చూస్తూ తప్పులు పట్టింది. రాత్రంతా వాటితోనే పడుకుంటుందట. గట్టిగా ఉన్నాయా అని అడిగితే "ఏడాది సంది వట్టి మెత్తమీదనే పండుకున్న. ఒక్క దినం కండెల మీద పండుకుంటె ఏమైతది?" అంది.

జ్వరం సంగతి నేను రాయనే లేదని చిన్నమ్మతో ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఆయన మీద కోపం పోతుంది. కోపం పోతే మిర్యాలగూడ పోవడానికి కారణమూ పోతుంది.

ఈ వాక్యం మళ్లీ చదివాను. నిజం కాదు.

17 డిసెంబరు, శనివారం. మిర్యాలగూడ

తెల్లవారి బస్సు. దగ్గరి దారిలో పోయే బస్సు లేదన్నారు, కోదాడ, హుజూర్‌నగర్ మీదుగా వచ్చాం. చిన్నమ్మ కొంగు నెత్తిన వేసుకుంది, ముందు నాలుగు వేళ్లు వదిలి. కోదాడలో బస్సు గంటసేపు ఆగింది. పాత ఇల్లు నాలుగు అడుగుల దూరం. చూసొద్దామా అంటే చిన్నమ్మ అటు తిరిగి కూడా చూడలేదు.

"వద్దు. గోడలకు వేరే రంగు ఏసుంటరు. నాకు యాదున్నదే మంచిగున్నది."

దుమ్ముకూ గాలికీ హుజూర్‌నగర్ దాటేసరికి ఒక వైపు ఉంగరాలు సగం సాగిపోయాయి. నేను సరిచేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

చిన్నాయన మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. వాళ్లమ్మ ఉప్పలమ్మవ్వ ఇంటి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. తల నున్నగా గీశారు, చెవులు పెద్దవిగా కనిపిస్తున్నాయి. మమ్మల్ని చూసి లేచాడు. చిన్నమ్మ కొంగు దానంతటదే జారింది. ఆయన చూశాడు. మెడ దాకా ఉన్న జుట్టు, సాగిన ఉంగరాలు, కణత దగ్గర ఖాళీ.

"ఎవలు సుట్టిండ్రు?"

"మగ్గమోళ్ల వెంకటనర్సమ్మ. కండెలతోని."

"ఇగ నా కొలువు పాయె," అని నవ్వబోయాడు.

చిన్నమ్మ నవ్వలేదు. మూట కూడా దించకుండా అడిగింది. "ఒక్కటి చెప్పు. జరంల పడ్డనని రాపిస్తె, ఎట్లున్నవని ఒక్క ముక్క అడగొద్దా నువ్వు?"

"ఏం జరం?"

"ఇరవై ఒక్క రోజుల జరం. ఆగస్టుల."

"ఏం జరమే?" అని వాళ్లమ్మ వైపు తిరిగాడు.

"పది దినాలు తెలివి లేకుండె కొడకా," అంది ఉప్పలమ్మవ్వ. "నేను పోయి సూసొచ్చిన. నీకు రాసిండ్రనుకున్న."

ఎవరూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే తేలికగా ఉండేది. నేనే చెప్పాను. రాయమంది, రాయలేదు అన్నాను. భయపడతారని అన్నాను. తర్వాత అది కూడా పూర్తిగా నిజం కాదన్నాను. కార్డు అందంగా ఉండాలనుకున్నాను, అన్నాను.

చిన్నాయన లోపలికి పోయి గుడ్డలో కట్టిన కార్డులు తెచ్చాడు. అన్నీ అంచులు నలిగి మెత్తబడి ఉన్నాయి. ఆగస్టు కార్డు తీసి పైకి చదివాడు. "'వానకారు మబ్బుల వలె నా కురులు, నీవు దిద్దిన అలలు...'" ఆయన గొంతులో వింటుంటే ఒక్కో మాటా బరువు లేని పొట్టులా ఎగిరిపోయింది. చదవడం ఆపి కార్డు మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నా పక్కపొంటి ముత్తయ్య అని ఉండె. ఇంటిదానికి పానం బాగలేదని జాబొస్తె, అది జైలరుకు సూపిచ్చి పది దినాలు సెలవు తీస్కుండు. పోయి ఆమె కాడ కూసోని వచ్చిండు. అదే వారం నాకు ఈ కార్డొచ్చింది. వానికి సదివి ఇనిపిచ్చిన. నా ఇంటామె సల్లగున్నదిరా అన్న."

చిన్నమ్మ మూట దించింది. గోడకు ఆనుకుని కూర్చుంది. ఆయన మీద నాలుగు నెలలుగా మోసిన కోపం ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతులు చూసుకుంది. నన్ను చూసింది. ఆ చూపు గురించి నేను ఏమీ రాయను.

కాసేపటికి ఆమే అంది, "పిల్లను ఏమనకు. నా నోట్ల నీళ్లు పోసింది అదే. ఇరవై ఒక్క దినాలు బడికి పోలే. బట్టలు పిండింది. జరంల తంతె గూడ కాళ్లు ఒత్తింది."

"నేనేమన్న?" అన్నాడు చిన్నాయన. ఆమె పక్కన నేల మీద కూర్చుని, కణత దగ్గర బొబ్బ ఎండిన చోటు చూశాడు. ముట్టుకోలేదు. "నొస్తుందా?"

"ఇప్పుడు నొస్తలేదు."

"అప్పుడు?"

చిన్నమ్మ ఏడ్చింది. ఆయన కార్డుల కట్ట పక్కన పెట్టి, ఊరికే కూర్చున్నాడు. ఉప్పలమ్మవ్వ నన్ను లోపలికి పిలిచి ఉల్లిగడ్డలు కోయమంది. కోశాను. ఉల్లిగడ్డలు ఉన్నందుకు సంతోషించాను.

అన్నాలయ్యాక చిన్నాయన పిలిచాడు. చెయ్యి కడుక్కుని పోయి ఎదురుగా నిలబడ్డాను.

"ఆ దినాలన్ని నీకు యాదున్నయా సాలీ?"

"ఉన్నాయి చిన్నాయనా."

"రేపు పొద్దుగాల నా కాడ కూసో. మొదటి దినం కాడికెల్లి చెప్పు. ఏం దాగింది, ఏం కలవరిచ్చింది, ఎవలొచ్చిండ్రు, అన్ని చెప్పు. నేను ఉండాల్సిన దినాలు అవి." కార్డుల కట్టకు ముడి వేశాడు. "మంచిగ చెప్పకు. ఎట్లయిందో అట్ల చెప్పు."

సరేనన్నాను. దీపం పెట్టే వేళకు ఇది రాస్తున్నాను. ఆ ఇద్దరూ వాకిట్లోనే ఉన్నారు. ఏం మాట్లాడుకుంటున్నారో వినడం లేదు. ఇవాళ కొత్త మాట ఏదీ లేదు.

రేపు ఆయన లేచేలోపే లేవాలి. ఇరవై ఒక్క రోజులూ వరసగా గుర్తు చేసుకుని పెట్టుకోవాలి. మొదటి రోజు మంగళవారం. చిన్నమ్మ నీళ్ల బిందె దించి, నెత్తి తిరుగుతోందని గడప మీద కూర్చుంది. నాకు లెక్కలు చేసుకునే పని ఉండి తల ఎత్తలేదు. అక్కడ మొదలుపెడతాను.